ఎగిరిపోయిందనుకున్న పొడి

నాకు కంప్యూటర్ పని ఇప్పించింది నా చదువు కాదు, నా నడుము.

పటాన్‌చెరు దగ్గర మందుల ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. అందులో ఎక్కువ భాగం ఇనుప మెట్లు ఎక్కడం, దిగడం. యాభై దాటాక వెన్నులో ఒక పూస పక్కకు జరిగింది. సంగారెడ్డిలో ఎముకల డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టుకొని చూసి, "ఇగ మెట్లెక్కుడు బంద్ చేయాలె మీరు" అన్నాడు. ఆ మాట తీసుకెళ్లి మా జీఎం గారికి చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూసి, కూర్చొని చేసే పనిలో వేశారు. మెట్లకంటే కూర్చోవడమే నడుముకు ఎక్కువ చేటని అదే డాక్టరు ఆ తరువాత ఎప్పుడో చెప్పాడు గానీ, అప్పటికే నా కుర్చీ ఖాయమైపోయింది.

ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న మీరు ఈ సాఫ్ట్‌వేర్లన్నీ కాలేజీలోనే నేర్చుకొని వస్తున్నారు. లెక్కలు ఎలా చేయాలో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కానీ ఒక తప్పుడు లెక్క ఒక ఫ్యాక్టరీని మొత్తం ఎంత సంతోషంగా ఉంచగలదో నేను దగ్గరనుంచి చూశాను. అది చెబుతాను.

ఆ ఏడాది మా డ్రయ్యర్ల బ్లాకులోకి కొత్త డ్రయ్యర్ ఒకటి వచ్చింది. పాతవాటికంటే చాలా పెద్దది. అది చేసే పని మాత్రం పాతదే. అడుగున జాలీ ఉన్న గిన్నెలో తడి పొడి పోసి, కిందినుంచి వేడిగాలి పంపితే, పొడి ఉడుకుతున్న జావలా పొర్లుతూ ఆరుతుంది. గాలి తక్కువైతే ముద్దగా కూర్చుంటుంది. ఎక్కువైతే పైకి లేచి, పైన వేలాడే గుడ్డ సంచులకు అంటుకుంటుంది. మరీ ఎక్కువైతే ఆ సంచులను కూడా దాటి గొట్టంలోంచి బయటకు పోతుంది. కాబట్టి ఎంత గాలి పంపాలన్నదే ప్రశ్న.

ఇలాంటి ప్రశ్నలకు కంప్యూటర్‌తో జవాబు చెప్పించవచ్చని మా జీఎం గారు హైదరాబాద్‌లో ఏదో సదస్సుకు వెళ్లి విని వచ్చారు. ఆయనది గుంటూరు వైపు. ఈ ఫ్యాక్టరీల బెల్టులోనే జుట్టు నెరిసినా మాట మాత్రం మారలేదు. "ఏమండీ, మనం కూడా సిమ్యులేషన్ చేద్దామండీ. గాలి ఎటు పోతుందో, పొడి ఎటు పోతుందో రంగుల్లో కనపడుద్దంట" అన్నారు. పాత శాంపిళ్లు దాచే గది ఒకటి ఖాళీ చేయించి, పెద్ద కంప్యూటర్ తెప్పించారు. దానికి వేడి పడదని ఏసీ పెట్టించారు, కిటికీలకు పరదాలు కట్టించారు. ఎవరూ ముట్టుకోవద్దని తలుపు మీద రాయించారు. ఇన్ని మర్యాదలు చూసి మావాళ్లు దానికి పెళ్లికూతురని పేరు పెట్టారు. ఎండాకాలంలో ఫ్యాక్టరీలో సగం మంది ఏదో ఒక వంకతో పెళ్లికూతురిని చూడటానికి వచ్చి, ఏసీ ఎదురుగా నిలబడి, చెమట ఆరాక వెళ్లిపోయేవారు.

నాతోపాటు ఆ గదిలో వేసింది ఒక అమ్మాయిని. ఎంటెక్ చదివి అప్పుడే చేరింది. సంగారెడ్డిలో వాళ్ల నాన్నకు గడియారాల రిపేరు దుకాణం ఉంది. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. కోపం వస్తే మాత్రం రెండూ కలిసి వచ్చేవి. నాకు ప్లాంటు తెలుసు, ఆమెకు కంప్యూటర్ తెలుసు. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి ఇంజనీరు అవుతారని జీఎం గారి లెక్క.

కంప్యూటర్ ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే దానికి ముఖ్యంగా ఒక సంగతి తెలియాలి. గాలికి పొడి రేణువు మీద ఎంత పట్టు ఉంటుంది? పుస్తకాల్లో దాన్ని డ్రాగ్ అంటారు. మేమిద్దరం గాలిపట్టు అనేవాళ్లం. పోతున్న బస్సు కిటికీలోంచి చేయి బయట పెడితే చేతిని వెనక్కి నెట్టేది అదే. ఒక్క రేణువు ఒంటరిగా ఉంటే ఆ పట్టు ఎంతో లెక్క కట్టడం సులువు. గిన్నెలో ఉన్నవి లెక్కకు అందనన్ని రేణువులు. అన్నిటినీ విడివిడిగా లెక్కించడం ఏ పెళ్లికూతురి వల్లా కాదు. అందుకని డ్రయ్యర్‌ను గడులుగా కోసి, ఒక్కో గడిలో పొడి ఎంత, గాలి ఎంత అని చూస్తారు. మా కంప్యూటర్ మేం అనుకున్నంత పెద్దది కాదు గనుక మేం పెద్ద పెద్ద గడులు పెట్టాం. ఒక్కో గడిలో పొడి సమంగా పరుచుకొని ఉంటుందని అనుకున్నాం. గాలిపట్టుకు అందరూ వాడే సూత్రమే వాడాం. లెక్క మొదలుపెట్టి, టీ తాగడానికి క్యాంటీన్‌కు వెళ్లాం.

ఇక్కడ ఇంకో గొడవ గురించి చెప్పాలి. కొత్త డ్రయ్యర్ వచ్చిననాటినుంచి ప్రతి బ్యాచ్‌లోనూ పొడి కొంచెం తక్కువ వస్తోంది. ఎక్కడ పోతోందో ఎవరికీ తెలియదు. మేం సరిగ్గానే తూచి ఇచ్చామని స్టోర్సు ఇన్‌చార్జి అనేవాడు. ఇచ్చిందంతా ఆరబెట్టామని డ్రయ్యర్ల బ్లాకు మేనేజరు అనేవాడు. మీరు తడిని కూడా పొడి కింద లెక్కేస్తున్నారని ల్యాబువాళ్లు అనేవారు. క్యాంటీన్‌లో మూడు బల్లల మీద మూడు వర్గాలు కూర్చునేవి. మామిడికాయ పప్పు గిన్నె ఒక బల్లమీదినుంచి ఇంకో బల్లకు పోవాలంటే మధ్యవర్తి కావాల్సి వచ్చేది.

అలాంటి సమయంలో మా లెక్క ముగిసి, దాని రంగుల బొమ్మ తయారైంది. జీఎం గారు మీటింగు పెట్టి అందరినీ పిలిచారు. తెరమీద నీలంరంగు గాలి, ఎర్రరంగు పొడి. గాలి కదలగానే ఎర్రదంతా ఒక్కసారిగా లేచి, గిన్నెలో ఏమీ మిగల్చకుండా, పైన సంచులను చుట్టేసి, గొట్టంలోకి దూరి పోయింది.

మొదట మాట్లాడింది బ్లాకు మేనేజరు. సదాశివపేట ఆయన. రోజూ నాతో ఒకే బస్సులో వచ్చేవాడు, నన్ను అన్నా అనేవాడు. "గిదా సంగతి. నేను పరేషానై సస్తున్న. పొడి ఎగిరిపోతుంటే నేనేం జేస్త, పట్టుకుంటనా?" అన్నాడు.

"అంటే మేం తూచింది సరిగ్గనే ఉన్నది" అన్నాడు స్టోర్సు ఇన్‌చార్జి.

"మేం తడి సరిగ్గనే చూసినం" అన్నారు ల్యాబువాళ్లు.

జీఎం గారు బొమ్మను మళ్లీ వేయమన్నారు. మళ్లీ ఎగిరింది. ఇంకోసారి వేయమన్నారు. ఆయన ముఖంలో అంత తృప్తి నేను మునుపు చూడలేదు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో మూడు బల్లలూ దగ్గరికి జరిపి ఉన్నాయి. ఎవరో నా పళ్లెంలో అడగకుండానే గుడ్డు వేశారు.

గాలి తగ్గించాలని నిర్ణయమైంది. తగ్గించారు. పొడి ఆరడానికి ఎక్కువసేపు పట్టింది. అది ఊహించిందే. కానీ పోయే పొడి తగ్గలేదు, ఇంకా పెరిగింది. మీరైతే ఇక్కడ ఆగి ఆలోచించేవారేమో. మేం ఆలోచించలేదు. "సూసినవా అన్నా, గింత గాలికి గూడ ఎగురుతున్నది. జెర ఇంకా తగ్గిద్దాం" అన్నాడు మేనేజరు. ఇంకా తగ్గించారు. పొడి ఇంకా ఎక్కువ పోయింది. దాంతో మా బొమ్మమీద అందరికీ నమ్మకం ఇంకా పెరిగింది.

చివరికి గిన్నెలో పొడి పొర్లడం మానేసి ఇడ్లీ పిండిలా కూర్చుంది. తడి పూర్తిగా ఆరక బ్యాచ్‌లు ల్యాబులో పాసు కావడం లేదు. ఆరుతున్న బ్యాచ్‌ను మధ్యలో వదిలి రాలేక షిఫ్టు మారడం ఆలస్యమయ్యేది. డ్రయ్యర్ల మీద పనిచేసేవాళ్లు రాకుండా కంపెనీ బస్సు కదలదు. చిట్కుల్‌లో దిగాల్సినవాళ్లు, ఇస్నాపూర్‌లో దిగాల్సినవాళ్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, డ్రయ్యర్‌ను కనిపెట్టినవాడి దగ్గరనుంచి అందరినీ తిట్టేవారు. నేను ముందు సీట్లో కూర్చొని వింటూ ఉండేవాణ్ని.

అప్పటికీ ఇది నవ్వులాటే. జీఎం గారు మరుసటి మీటింగులో చెప్పిన మాటతో నవ్వు ఆగిపోయింది. ఆ పొడికి పెద్ద ఆర్డరు ఒకటి ఉంది. వానాకాలం ముగిసేలోగా సరుకు పంపలేకపోతే ఆ పని బొల్లారంలోని మా ఇంకో యూనిట్‌కు పోతుంది. పని పోతే కొత్త డ్రయ్యర్ మూలకు పడుతుంది. దాని మీద ఉన్న కాంట్రాక్టు మనుషులను ఇంటికి పంపుతారు. వాళ్లలో సగం మంది చిట్కుల్‌లో కిరాయి గదుల్లో ఉండేవాళ్లు. ఆ మాట విన్నాక బస్సులో తిట్లు కూడా తగ్గిపోయాయి.

జీఎం గారి దగ్గర ఒక ఉపాయం ఉంది. మా బొమ్మ చూసే ఆలోచించారు. డ్రయ్యర్‌ను ఇంకా ఎత్తు పెంచితే ఎగిరిన పొడి పైదాకా పోలేక తిరిగి కిందికి పడుతుందట. ఎత్తు పెంచాలంటే బ్లాకు కప్పు కోయాలి. వానాకాలంలో. కాంట్రాక్టరు వచ్చి నిచ్చెన వేసుకొని పైకెక్కి, కోయాల్సినమేర సుద్దతో గీత గీసి వెళ్లాడు. ఆ గీతను చూసినప్పుడల్లా గదికి వెళ్లి మా లెక్కను మళ్లీ తెరిచి చూసేవాణ్ని. నా లెక్క మీద ఒక కప్పు లేచిపోవడం నాకు అదే మొదటిసారి.

ఆ అమ్మాయి కూడా అదే పనిలో ఉంది. ఒక రోజు పొద్దున నేను వెళ్లేసరికి ఆమె కంప్యూటర్ ముందు గడ్డం కింద చేయి పెట్టుకొని కూర్చొని ఉంది.

"సార్, నేను గాలి తగ్గిస్తూ పోయిన" అంది. "సగం జేసిన, ఎగిరింది. సగంల సగం జేసిన, ఎగిరింది. ఆఖరికి మనిషి ఊపిరంత పెట్టిన."

"ఏమైంది?"

"ఎగిరింది సార్. ఈ లెక్క సహీ అయితే మీరు తుమ్మితే ఈ బ్లాకుల సరుకంత పోవాలె."

ఇద్దరం పైకి చూశాం. ఫ్యాను తిరుగుతోంది. కింద బల్లమీద మా శాంపిల్ పొడి ఒక గాజు పళ్లెంలో మూత లేకుండా ఉంది. ఒక్క రేణువు కూడా కదలడం లేదు. అది ఎన్నాళ్లనుంచో అలాగే అక్కడే ఉంది.

తప్పు ఎక్కడుందో తెలియడానికి కొన్నాళ్లు పట్టింది. పట్టుకున్నది ఆ అమ్మాయే. బస్సు ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర ఆగినప్పుడు ఆమె కిటికీలోంచి చూసేదట. షిఫ్టు దిగిన ఆడవాళ్లు రోడ్డు దాటుతుంటారు. ఒక్కామె దాటాలంటే లారీల గాలికే వెనక్కి వచ్చేస్తుంది. పదిమంది చేతులు పట్టుకొని గుంపుగా నడిస్తే లారీలే పక్కకు తప్పుకొని పోతాయి.

"మన పొడి గూడ గట్లనే ఉంటది గద సార్. సన్నటి పొడి, పైంగ తడి. ఒకదాన్నొకటి పట్టుకొని గుంపులు గుంపులు ఉంటది. గాలి ఆ గుంపుల సందులకెల్లి పోతది. మనమేమో ఒక్కొక్క రేణువు అకేలా నిలబడ్డదని లెక్క గట్టినం. పెద్ద గడి పెడితే లోపలి గుంపు కనవడదు. సమంగ పరుచుకున్నదనుకున్నం."

నేను ఆమె వైపు చూసి, "అనుకున్నం" అన్నాను.

తప్పు తెలియడం ఒక ఎత్తు, చెప్పడం ఇంకో ఎత్తు. ముందు క్యాంటీన్‌లో మేనేజరు పక్కన కూర్చొని చెప్పాను. మీ పొడి ఎగరడం లేదని. ఆయన అన్నం కలుపుతున్న చేయి ఆపాడు.

"ఎగరక?"

"ఎగరదు. మా లెక్క తప్పు."

"గట్లెట్ల తప్పయితదన్నా? అందరం సూసినం గద తెరమీద."

"తెరమీద సూసినం. డ్రయ్యర్ల ఎవరు సూసిండ్రు?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అన్నా, నీకు దండం పెడత. ఇప్పుడిప్పుడే స్టోర్సోడు నాతోని మంచిగ మాట్లాడుతున్నడు. మొన్న వాళ్లింట్ల దావత్‌కు గూడ పిలిచిండు. లెక్క తప్పంటే మళ్ల మొదటికొస్తది. జెర గట్లనే ఎగరనియ్యి."

జీఎం గారి దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆ అమ్మాయి అంతా వివరించింది. ఇస్నాపూర్ చౌరస్తా దగ్గరికి వచ్చేసరికి ఆయన శ్రద్ధగా ముందుకు వంగారు. అంతా విని, "అంటే ట్రాఫిక్ వల్ల అంటారా?" అన్నారు. ఆమె మళ్లీ మొదటినుంచి చెప్పింది. రెండోసారి ఆయనకు పూర్తిగా అర్థమైంది. అర్థమైనందుకు సంతోషించినట్టు కనపడలేదు.

"కప్పు కోసేవాడు సోమవారం వస్తానన్నాడండీ. కోయొద్దనడానికి నాకు ఇంకో బొమ్మ చాలదు. మొదటిది కూడా మీరిద్దరే ఇచ్చారు కదా. ట్రయల్ పెట్టండి. పాసుకాని బ్యాచ్ ఒకటి వేసి, పూర్తి గాలి పెట్టండి. ఎగిరితే కప్పు కోద్దాం. ఎగరకపోతే చూద్దాం" అన్నారు.

పూర్తి గాలి అన్న మాట ఫ్యాక్టరీ అంతా పాకింది. తుమ్మితేనే పోతుందన్న పొడికి పూర్తి గాలి పెడితే ఏమవుతుందో ఎవరికి వాళ్లు ఊహించుకున్నారు. సేఫ్టీ ఆఫీసరు అందరికంటే ఎక్కువ ఊహించుకున్నాడు. ట్రయల్ రోజు పొద్దుటికల్లా చుట్టుపక్కల మిషన్లన్నిటికీ ప్లాస్టిక్ పట్టాలు కప్పించాడు. సెక్యూరిటీ వాళ్లకోసం వానలకని తెప్పించిన పసుపుపచ్చ రెయిన్‌కోట్లన్నీ తెచ్చి, లోపలికి వచ్చే ప్రతి ఒక్కరికీ తొడిగించాడు. కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు, నెత్తిన హెల్మెట్. జీఎం గారికి దొరికిన రెయిన్‌కోటు పొట్టిది. మోకాళ్లదాకా కూడా రాలేదు. కప్పు కాంట్రాక్టరు కూడా వచ్చాడు. నిచ్చెనమీద సగం మెట్లెక్కి అక్కడే కూర్చున్నాడు. ఏ కాగితమూ లేకుండా ఏ విభాగం వాళ్లూ ఇంకో విభాగంలోకి రాకూడదని ఫ్యాక్టరీలో నియమం. ఆ రోజు గోడవారగా నిలబడ్డవాళ్లలో సగం మంది ఏ విభాగమో నాకు తెలియదు.

డ్రయ్యర్‌కు గుండ్రటి గాజు కిటికీ ఒకటి ఉంటుంది. దానికి ముఖం ఆనించి నేను, ఆ అమ్మాయి నిలబడ్డాం. గాలి తెరిచే పిడి దగ్గర బీహార్‌నుంచి వచ్చిన ఆపరేటరు. పక్కన మేనేజరు నిలబడి, వేలంపాట పాడించేవాడిలా గట్టిగా చెప్పసాగాడు.

"నిన్నటిదాక పెట్టిన గాలికి వచ్చింది. అందరు జాగ్రత్త."

జనం ఒక అడుగు వెనక్కి వేశారు. పొడి కదల్లేదు.

"సగం దాటింది. పోవాలనుకున్నోళ్లు గిప్పుడే పోండ్రి."

ఎవరూ పోలేదు. గాజులోంచి చూస్తే పొడిలో పగుళ్లు పట్టాయి. పగుళ్లలోంచి గాలి బుడగల్లా లేచింది. ముద్దలు ముద్దలుగా పొడి దొర్లడం మొదలైంది. ఆ అమ్మాయి నా చేయి గట్టిగా పట్టుకుంది.

"గుంపులు సార్" అంది మెల్లగా. "సూడండి, గుంపులు."

"పూర్తి గాలి" అన్నాడు మేనేజరు. చేతులు నెత్తిమీద పెట్టుకున్నాడు.

డ్రయ్యర్ హోరు తప్ప ఏమీ లేదు. పొడి గిన్నెలో తన పని తాను చేసుకుంటూ పొర్లుతోంది. ఇంత పైకి లేస్తోంది, మళ్లీ పడుతోంది. సంచులదాకా పోయింది ఏదైనా ఉంటే అది ముఖానికి రాసుకునే పౌడరంత. రెయిన్‌కోట్లు వేసుకున్న అంతమందీ, ప్రశాంతంగా ఆరుతున్న పొడిని చూస్తూ నిలబడ్డారు.

ఆపరేటరు పిడి మీదినుంచి చేయి తీసి, "బస్, ఇత్నా హీ?" అని, ఇంతేనా అన్నట్టు చూశాడు. కాంట్రాక్టరు నిచ్చెన దిగాడు. గోడవార ఉన్నవాళ్ల ముఖాల్లో, సర్కస్‌కు వస్తే పులి నిద్రపోతున్నట్టు నిరాశ.

నా సంగతి ఏం చెప్పను? నా మొదటి లెక్క అందరి ముందూ తప్పని తేలింది. అది తప్పన్న నా మాట అందరి ముందూ సరైనదని తేలింది. నవ్వాలో ఏడవాలో తెలియక కళ్లద్దాలు తుడుచుకున్నాను.

అప్పుడు స్టోర్సు ఇన్‌చార్జి గొంతు వినపడింది. "మరి ఇన్ని దినాలు పోయిన పొడి ఏడికి పోయినట్టు?"

ఆయన మేనేజరు వైపు చూశాడు. మేనేజరు ల్యాబువాళ్ల వైపు చూశాడు. ల్యాబువాళ్లు స్టోర్సు వైపు చూశారు. మూడు బల్లలూ మళ్లీ దూరం జరగడం నాకు కళ్లముందు కనపడింది.

"నన్నేంది సూస్తున్నవ్?" అన్నాడు మేనేజరు.

"నేను సూడలేదు. నువ్వే సూసినవ్."

జీఎం గారు చేయెత్తారు. ఆయన ముఖమంతా చెమటలు కారుతున్నాయి, రెయిన్‌కోటు ఒంటికి అంటుకుపోయింది. "ఆగండయ్యా. పైకి పోలేదని ఇప్పుడే చూశాం. గిన్నెలో లేదని మీరే అంటున్నారు. కిందేమన్నా చూశారా ఎవరైనా?"

ఎవరూ చూడలేదు. గిన్నె కింద గాలి వచ్చే ఒక గది ఉంటుంది. దానికి చిన్న తలుపు కూడా ఉంటుంది. కొత్త డ్రయ్యర్‌ను బిగించినప్పుడు ఆ తలుపు గోడవైపు వచ్చింది. పూర్తిగా శుభ్రం చేసే రోజు ఇంకా రాలేదు గనుక ఎవరికీ దాని అవసరం పడలేదు. పైగా మా బొమ్మ చూసిననాటినుంచి అందరి తలలూ పైకే ఉన్నాయి. సంచులు విప్పి దులిపారు, గొట్టాలు విప్పి చూశారు, కప్పు కోయడానికి సిద్ధమయ్యారు. కిందికి ఒక్కరూ వంగలేదు. నా సంగతి సరే, నేను వంగలేను.

గాలి ఆపారు. ఫిట్టరు గోడసందులో దూరి బోల్టులు వదులు చేశాడు. మేనేజరు వంగి తలుపు పట్టుకొని లాగాడు. అది రాలేదు. జీఎం గారు ఆసక్తి పట్టలేక దగ్గరికి వచ్చి ఆయన పక్కనే నిలబడ్డారు. మేనేజరు కాలు గోడకు తన్నిపెట్టి రెండోసారి లాగాడు.

తలుపు ఊడి వచ్చింది. దాని వెనుకే పొడి. బస్తాలు కోసి పోసినట్టు, తెల్లగా, మెత్తగా, చప్పుడు లేకుండా వచ్చి ఇద్దరి కాళ్లమీదా పడింది. పడుతూనే ఉంది. మేనేజరు వెనక్కి జరగబోయి అందులోనే కూర్చుండిపోయాడు. జీఎం గారు కదల్లేదు. నెత్తిన హెల్మెట్, ముక్కుకు మాస్కు, ఒంటిమీద రెయిన్‌కోటు. బూట్లు మాత్రం కనపడటం లేదు.

"ఇదేనన్నమాట" అన్నారు ఆయన.

ముందు నవ్వింది ఆ అమ్మాయి. ఆపుకుందామని మాస్కు మీద చేయి పెట్టుకుంది, లాభం లేకపోయింది. తరువాత స్టోర్సు ఇన్‌చార్జి. ఆ తరువాత ఎవరు నవ్వారో చెప్పలేను, బ్లాకంతా ఊగిపోయింది. పొడిలో కూర్చున్న మేనేజరు గుప్పెడు పొడి తీసుకొని స్టోర్సు ఇన్‌చార్జి వైపు చూపిస్తూ, "ఇగో, తూసుకో" అన్నాడు.

జీఎం గారు సేఫ్టీ ఆఫీసరు వైపు తిరిగి, "ఇప్పుడు ఈ కోటు తీసేయొచ్చాండీ?" అని అడిగారు.

ఆయన కాస్త ఆలోచించి, "ట్రయల్ అయిపోయిందని మీరు చెప్తే తీయొచ్చు సార్" అన్నాడు.

కారణం చిన్నదే. గిన్నెకూ కింది గదికీ మధ్య రబ్బరు వలయం ఒకటి ఉంటుంది. బిగించేటప్పుడు అది ఒకవైపు మడతపడి సందు మిగిలింది. గాలి గట్టిగా ఉన్నప్పుడు కిందినుంచి నెట్టి పొడిని ఆపేది. గాలి తగ్గితే ఆ సందులోంచి పొడి జారిపోయేది. మేం తగ్గించినకొద్దీ ఎక్కువ జారింది. ఎక్కువ పోతోందని మేం ఇంకా తగ్గించాం.

వలయం మార్చారు. గాలి పెంచారు. పొడి పూటలో ఆరడం మొదలైంది, బస్సు వేళకు కదిలింది, సరుకు వానలు ముగిసేలోపే వెళ్లింది. చిట్కుల్ గదులు ఖాళీ కాలేదు.

మేమిద్దరం లెక్కను మళ్లీ చేశాం. డ్రయ్యర్‌లో ఒక చిన్న ముక్కను మాత్రం తీసుకొని, సన్నటి గడులు పెట్టి, పొడి గుంపులు ఎలా కడుతుందో చూశాం. గుంపు కట్టిన పొడిమీద గాలిపట్టు మేం ముందు అనుకున్నదానిలో చాలా తక్కువ వంతే. ఆ సవరణను పెద్ద గడుల్లోకి తెచ్చి మొత్తం డ్రయ్యర్‌ను నడిపితే, ట్రయల్ రోజు గాజులోంచి చూసినదే దాదాపు తెరమీద కనపడింది. ఆ బొమ్మను మీటింగులో చూపించాం. ఎర్రది అడుగునే పొర్లుతూ ఉంది. ఎవరూ ఇంకోసారి వేయమనలేదు.

"గిందుల ఏమున్నదన్నా? పొడి గిన్నెలనే ఉన్నది" అన్నాడు మేనేజరు.

"అదే ఉన్నది" అన్నాను.

నేను రిటైరైన రోజు ఆయనే మాట్లాడాడు. మైకు పట్టుకొని, "మా అన్న లెక్క తప్పు కాకపోతే మేం ఎన్నడు మా కాళ్లకింద ఏమున్నదో సూసుకోకపోతుంటిమి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అది పొగడ్తో కాదో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ అమ్మాయి ఇప్పుడు పుణెలో పెద్ద కంపెనీలో ఉంది. సిమెంటు పొడిని గాలితో గొట్టాల్లో తీసుకుపోయే పని. ఈ మధ్య ఫోన్ చేసింది.

"సార్, కొత్త మోడల్ చేసిన. మొదటిసారికే అంత మంచిగ వచ్చింది. నాకు జెర భయమైతున్నది."

"గాలి తగ్గించి సూసినవా?"

"సూసిన సార్. అంత సహీ ఉన్నది."

"మీటింగుల చూపించినవా?"

"చూపించిన."

"చూసి ఎవరెవరు ఖుషీ అయిండ్రు?"

"ప్రొడక్షనోళ్లు ఖుషీ. మెయింటెనెన్సోళ్లు ఖుషీ. మా బాస్ బహుత్ ఖుషీ." ఆగింది. "అందరూ సార్."

ఫోన్‌లో వాళ్ల ఆఫీసు చప్పుడు వినపడుతోంది.

"సరే సార్" అంది చివరికి. "మళ్ల మొదటికెల్లి చేస్త."